నటన అన్నాను

మా అత్తగారి మోకాలి నొప్పిని నేను నటన అన్నాను. ఆవిడ ముఖాన అనలేదు. మా ఆయనతో అన్నాను, మా అమ్మతో ఫోన్లో అన్నాను, స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్ల దగ్గర కూడా అన్నాను. ఆవిడ చెవిన పడే ఉంటుంది. మాది రెండు గదుల ఇల్లు.

నా దగ్గర ఆధారాలు ఉన్నాయనుకున్నాను. ఆవిడ మా మేడమెట్ల మీద జారిపడింది, మోకాలు వాచింది. వాపు తీసింది. ఎక్స్‌రేలో వయసుకు తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదన్నారు. అయినా మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి మోకాలి మీదికి పోయేది. మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే ముఖం ముడుచుకుపోయేది, "అమ్మా" అనేది. అదే మనిషి తన తమ్ముడి కూతురి పెళ్ళిలో వంటవాళ్ళ పక్కన పీట వేసుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూరగాయలు తరిగింది. ఎవరో పిలిస్తే చటుక్కున లేచింది. విడిది ఇంటి మెట్లు ఎక్కింది, నా కళ్ళతో నేను చూశాను. దానికి తోడు ఇంకొకటి. సాయంత్రం మా ఆయన స్కూటర్ గేటులోకి రాగానే ఆవిడ మూలుగు పెద్దదయ్యేది. సెలవు రోజుల్లో పగలంతా నాతో ఉన్నప్పుడు అంత మూలుగు నాకు వినపడలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను తీర్పు చెప్పేశాను.

నేను జీవశాస్త్రం టీచర్ని. రిటైరయ్యే దాకా తొమ్మిదో తరగతికి జంతువుల ప్రవర్తన పాఠం చెప్పాను. అందులో పావ్‌లోవ్ కుక్క వస్తుంది. గంట కొట్టి తిండి పెడుతూ పోతే కొన్నాళ్ళకు ఒట్టి గంటకే దాని నోట్లో లాలాజలం ఊరుతుంది. పిల్లల్ని కళ్ళు మూసుకోమని, ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడిముక్క గురించి నెమ్మదిగా చెప్పేదాన్ని. క్లాసంతా గుటకలు మింగేది. ఆ కుక్క నటిస్తోందని ఏ పిల్లవాడూ అనలేదు, నేనూ అనలేదు. గంటలో తినడానికేమీ లేదు, అయినా ఊరిన లాలాజలం నిజం, కావాలంటే కొలుచుకోవచ్చు. ఇంత స్పష్టంగా బోర్డు మీద రాసి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని ఇంటికొచ్చి, మెట్లు చూడగానే నొప్పి పుట్టిన మోకాలిని అనుమానించాను. ఇన్నేళ్ళూ చెప్పిన పాఠం నాకే అర్థం కాలేదు.

ఆవిడ పోయిన కొన్నేళ్ళకు నా నడుం కలుక్కుమంది. వంటింటి గట్టు పక్కన నీళ్ళ బిందె ఎత్తబోతున్నాను. ఊపిరి ఆగిపోయింది, అక్కడే కూలబడ్డాను. ఎముకల డాక్టరు చూసి, నరానికేమీ కాలేదు, కండరం బెణికింది, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది అన్నారు. అన్నట్టే సర్దుకుంది, ఒక్క చోట తప్ప. గట్టు పక్కన నిలబడి బిందె వైపు వంగగానే, బరువు చేతికి రాకముందే, అదే చోట అదే పోటు. మా ఆయన పరుగున వచ్చి "నొప్పిగా ఉందా?" అని బిందె అందుకునేవారు. నేను వెళ్ళి పడుకునేదాన్ని. పడుకోగానే హాయిగా ఉండేది. ఆ హాయే నాకు నష్టం చేస్తోందని అప్పుడు ఊహించలేదు. నడుం బెల్టు కొన్నాను. పరుపు మార్చాను. బిందె ముట్టుకోవడం మానేశాను.

హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మనవరాల్ని చంకనేసుకుని బాల్కనీలో తిరుగుతూ అన్నం తినిపించేదాన్ని. నడుం గుర్తుకే రాలేదు. ఇంటికి తిరిగొచ్చి గట్టు ముందు నిలబడ్డానో లేదో, మళ్ళీ పోటు. ఫోన్లో చెబితే మా అమ్మాయి మామూలుగానే అడిగింది: "ఇక్కడ దాన్ని అంతసేపు ఎత్తుకున్నావు కదమ్మా, అక్కడే ఎందుకొస్తుంది?"

"అంటే నేను నటిస్తున్నానా?" అని అరిచాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక మా అత్తగారు గుర్తుకొచ్చారు. అక్కడితోనైనా ఆగి ఆలోచించాల్సింది. నేను చేసింది వేరు. ఎమ్మారై తీయించుకుంటానని పట్టుబట్టాను. స్కాన్‌లో ఏదో ఒకటి కనిపించాలని మనసులో కోరుకున్నాను. నా వెన్నులో లోపం ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నానని ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది. రిపోర్టులో ఒక డిస్క్ కొద్దిగా ఉబ్బినట్టు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితం ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించాను. ఈ వయసులో ఇది మామూలే, నొప్పి దీని వల్లే అనుకోవద్దు అని డాక్టరు చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. ఏ నొప్పీ లేని వాళ్ళ వెన్నెముకలకు తీసిన స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులు ఉన్నాయి. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. నేను ఊరంతా చూపించిన కాగితం దేనికీ రుజువు కాదు.

ఈ సంగతి రిటైరయ్యాక, తీరిగ్గా చదవడం మొదలుపెట్టాక తెలిసింది. మొదట నన్ను పట్టుకున్నది 1911 నాటి ఒక ఉదంతం. జెనీవాలో ఎడ్వార్ క్లాపరేడ్ అనే వైద్యుడు చూసే రోగుల్లో ఒకామెకు కొత్త జ్ఞాపకాలు నిలవని జబ్బు. రోజూ చూసే డాక్టర్ని కూడా రోజూ కొత్తమనిషిలాగే పలకరించేది. ఆయన ఒకరోజు వేళ్ళ మధ్య గుండుసూది దాచుకుని చెయ్యి కలిపాడు. సూది గుచ్చుకుంది. కాసేపటికే ఆమెకు ఆ సంగతి గుర్తు లేదు. తర్వాత ఆయన మళ్ళీ చెయ్యి చాచితే ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకని అడిగితే సరైన కారణం చెప్పలేకపోయింది. చేతుల్లో సూదులు దాచుకునే వాళ్ళుంటారు కదా అన్నట్టు ఏదో అంది. అది తనకే జరిగిందని మాత్రం ఆమెకు తెలియదు. నాలో ఉన్న టీచరు వెంటనే అడ్డుపడింది. ఇది భయం గురించి కదా, నొప్పి గురించి కాదు కదా అని.

ఆ ప్రశ్నకు జవాబు 2012లో కారిన్ జెన్సెన్, టెడ్ కాప్‌చుక్, వాళ్ళ సహచరులు అమెరికాలో హార్వర్డ్ వైద్య పరిశోధకులుగా చేసిన ప్రయోగంలో దొరికింది. ఆరోగ్యంగా ఉన్న 40 మంది రెండు ప్రయోగాల్లో పాల్గొన్నారు. చేతికి వేడి తగిలిస్తూ తెర మీద మనిషి ముఖాలు చూపించారు. ఒక ముఖం వచ్చినప్పుడు ఎక్కువ వేడి, ఇంకో ముఖం వచ్చినప్పుడు తక్కువ వేడి. అలా అలవాటు చేశాక, చెప్పకుండా వేడిని ఒకే స్థాయికి తెచ్చారు. ముఖాలే మారుతున్నాయి, చేతికి తగులుతున్న వేడి ఒక్కటే. నొప్పికి వందకి ఎంత మార్కులు వేస్తారని అడిగితే, తక్కువ వేడితో జతపడిన ముఖం దగ్గర సగటున 19 వేశారు, ఎక్కువ వేడితో జతపడిన ముఖం దగ్గర 53. రెండో ప్రయోగంలో ఆ ముఖాలను కళ్ళు గుర్తుపట్టలేనంత వేగంగా మెరిపించి తీసేశారు. ఎవరి ముఖం వచ్చిందో వాళ్ళకు తెలియదు. అయినా తేడా నిలిచింది: 25, 44. మూడేళ్ళ తర్వాత అదే జెన్సెన్ బృందం, నేర్పే దశలో కూడా ముఖాలు స్పృహకు అందకుండా చేసి చూసింది. నేర్చుకుంటున్నామని తెలియకుండానే ఒంట్లో నొప్పి పెరగడం, తగ్గడం నేర్చుకోవచ్చని తేలింది.

ఆ అంకెల ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. జన్మంతా నేను నమ్మింది ఇంకోటి. నాకు తెలియకుండా నేను నేర్చుకునేదేమీ ఉండదనీ, నేర్చుకున్న నొప్పి అసలు నొప్పే కాదనీ నమ్మాను. మొదటి నమ్మకంతో నా నడుం సంగతి నేను చూడలేకపోయాను. రెండోది మా అత్తగారి మీద ప్రయోగించాను. మా వంటింటి గట్టు నాకు ఆ ఎక్కువ వేడి ముఖం. మేడమెట్లు ఆవిడకి అంతే. విడిది ఇంటి మెట్ల మీద ఆవిడ ఎన్నడూ పడలేదు. అక్కడ మోకాలు ఊరుకుంది, ఇక్కడ ఊరుకోలేదు. నేను ఏ తేడా చూపించి అబద్ధమన్నానో, ఆ తేడాయే ఆవిడ నిజం చెబుతోందనడానికి గుర్తు.

అయినా అదంతా మనసులోదే కదా అనేవాళ్ళు ఉంటారు, నేనూ అలాగే అనేదాన్ని. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్న వాళ్ళకు మందు లేని ఒట్టి ఇంజక్షన్ ఇచ్చారు. కొంతమందికి నొప్పి తగ్గింది. తర్వాత వాళ్ళకు నాలోక్సోన్ ఇచ్చారు. మార్ఫిన్ లాంటి పదార్థాల పనిని అడ్డుకునే మందు అది. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగింది. అంటే నమ్మకం వల్ల తగ్గిందనుకున్న నొప్పి, ఒంట్లో పుట్టిన రసాయనం వల్ల తగ్గింది. మనసులోది అన్నంత మాత్రాన ఒంట్లోది కాకుండా పోదు.

అప్పుడే పుట్టిన బిడ్డల సంగతి చదివినప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు. 2002లో అన్నా టాడియో బృందం కెనడాలో, మధుమేహం ఉన్న తల్లులకు పుట్టిన పసికందులను గమనించింది. చక్కెర చూడటానికి వాళ్ళ మడమలకు పుట్టినప్పటి నుంచి మాటిమాటికి సూదులు గుచ్చాల్సి వస్తుంది. ఒకటి రెండు రోజులు గడిచాక రక్తం తీయడానికి ముందు చేతి మీద చర్మం తుడుస్తుంటేనే, సూది ఇంకా రాకముందే, ఆ పసివాళ్ళు మిగతా పిల్లల కంటే ఎక్కువగా ముఖం చిట్లించారు. సూది గుచ్చినప్పుడూ ఎక్కువ బాధపడ్డారు. రెండు రోజుల బిడ్డకి నటన రాదు. ఆ బిడ్డ చేసిందే మెట్ల దగ్గర మా అత్తగారూ చేసింది.

పావ్‌లోవ్ ప్రయోగశాలలోనే 1912లో మరియా యెరోఫేవా చేసిన పని ఒకటుంది, మా పాఠ్యపుస్తకంలో లేదు. కుక్క చర్మానికి కరెంటు షాక్ ఇచ్చి, ఆ వెంటనే తిండి పెట్టేది. కొన్నాళ్ళకు షాక్ తగలగానే కుక్క గింజుకోవడం మానేసి తిండి వైపు తల తిప్పి లాలాజలం కార్చింది. కరెంటు తగ్గించలేదు. నొప్పిని పెంచడమే కాదు తగ్గించడమూ ఒంటికి నేర్పవచ్చని, ఈ దారి రెండు వైపులా నడుస్తుందని నాకు ముందే తెలిసుంటే ఆ ఇంట్లో నేను వేరేలా మసలుకునేదాన్నేమో.

ఇక నేను చెప్పాల్సిన వాటిలో కష్టమైనది. మా అత్తగారు నొప్పి మాత్ర వేసుకుంటుంటే నేను పక్క నుంచి, "ఎన్ని మింగినా ఒకటే అత్తయ్యా, వీటి వల్ల ఏం తగ్గదు" అనేదాన్ని. కిడ్నీలు పాడవుతాయన్న జాగ్రత్తతో అంటున్నాననుకునేదాన్ని. అందులో విసుగే ఎక్కువ. 2011లో ఉల్రికె బింగెల్ అనే జర్మన్ వైద్యురాలు 22 మంది మీద ఒక పరీక్ష చేసింది. రెమిఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఒకే మోతాదులో నరంలోకి ఎక్కుతూ ఉంది. మందు మొదలైందని చెప్పినప్పుడు, చెప్పకుండా ఎక్కించినప్పటితో పోలిస్తే ఉపశమనం రెట్టింపయింది. మందు ఆపేశాం, ఇక నొప్పి పెరగొచ్చు అని చెప్పినప్పుడు, మందు ఇంకా ఎక్కుతూనే ఉన్నా దాని ఫలితం మాయమైంది. ఇది ఆరోగ్యవంతుల మీద కొంచెంసేపు వేడి తగిలించి చేసిన పరీక్ష. మా అత్తగారి మోకాలికి దీన్ని తెచ్చి అతికించలేను. కానీ ఆవిడ నోట్లో మాత్ర వేసుకునే క్షణంలో నేనన్న మాట ఆవిడ ఒంటికి చేరలేదని ఇప్పుడు అనలేను.

"అదేంటమ్మాయ్, డాక్టరు ఇచ్చాడు కదా" అనేది ఆవిడ. అంతకు మించి ఎప్పుడూ అనలేదు.

కొడుకు వచ్చినప్పటి మూలుగు సంగతి కూడా తేల్చుకోవాలి. 1980లో అమెరికాలో దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్ళను రెండుసార్లు ప్రశ్నలడిగారు. ఒకసారి అద్దం వెనక జీవితభాగస్వామి చూస్తోందని చెప్పారు, ఇంకోసారి వార్డు గుమాస్తా చూస్తున్నాడని. ఇంట్లో ప్రేమగా పట్టించుకునే భాగస్వామి ఉన్నవాళ్ళు, ఆ భాగస్వామి చూస్తోందనుకున్నప్పుడు ఎక్కువ నొప్పి చెప్పారు. ఈ ఒక్క ముక్కే అప్పట్లో నా చేతికి దొరికుంటే చూశారా, నేను చెప్పలేదూ అని ఎగిరేదాన్ని. జర్మనీలో హెర్టా ఫ్లోర్ బృందం ఇంకో అడుగు వేసి, అలాంటి రోగుల నడుముకు చిన్న షాక్‌లు ఇస్తూ మెదడును కొలిచింది. ప్రేమగా చూసుకునే భాగస్వామి గదిలో ఉన్నప్పుడు మెదడు స్పందనే పెద్దదైంది. మాటల్లో పెంచి చెప్పడం కాదు, లోపలే పెరుగుతోంది. మా ఆయన స్కూటర్ చప్పుడు వింటే ఆవిడకి నిజంగానే ఎక్కువ నొప్పి పుట్టి ఉండొచ్చు.

సియాటెల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త 1960ల చివరి నుంచి దీని మీదే పనిచేశాడు. నొప్పి వచ్చినప్పుడే విశ్రాంతి, నొప్పి వచ్చినప్పుడే మాత్ర, మూలిగినప్పుడే పలకరింపు దొరుకుతుంటే శరీరం నొప్పినే నేర్చుకుంటుందన్నాడు. అందుకని మాత్రలు గడియారం చూసి ఇప్పించాడు. పని ముందే లెక్కపెట్టుకుని, ఆ లెక్క పూర్తయ్యాక విశ్రాంతి తీసుకోమన్నాడు, నొప్పి పుట్టాక కాదు. ఇంట్లోవాళ్ళకు రెండు పనులు చెప్పాడు. మూలుగును పెద్దగా పట్టించుకోవద్దు. మనిషి లేచి ఏదైనా చేస్తున్నప్పుడు పక్కన కూర్చోండి, మాట్లాడండి, మెచ్చుకోండి.

నాకు ఫోర్డైస్ పేరు తెలియదు, మొదటి పని మాత్రం నేను నా అంతట నేనే చేశాను. "మీరు వెళ్తేనే ఎక్కువ చేస్తారు, వెళ్ళకండి" అని మా ఆయన్ని ఆపాను. ఆయన ఆగారు. మూలుగు కొన్నాళ్ళు పెరిగి తర్వాత తగ్గింది, నేను గెలిచాననుకున్నాను. రెండో పని మా ఇంట్లో ఎవరం చేయలేదు. ఆవిడ పొద్దున్నే పూలు కట్టేది, గోంగూర ఒలిచేది, కొబ్బరి కోరేది, మా అమ్మాయికి జడ వేసేది. అప్పుడెప్పుడూ కొడుకు వచ్చి పక్కన కూర్చోలేదు, కోడలినైన నేనూ కూర్చోలేదు. నొప్పి పడితే దొరికే కొడుకుని నేను దూరం చేశాను, నొప్పి లేనప్పుడు దగ్గర చేయలేదు. ఆవిడకి నొప్పీ పోలేదు, తోడూ దక్కలేదు. ఇవాళ ఈ కాగితం మీద ఎంత రాసినా అది ఆవిడకి అందదు.

ఇంత చదివాక కూడా నా తొందరపాటు పోలేదని చెప్పకపోతే అబద్ధమవుతుంది. పక్కవాటా ఆవిడ కాలు లాగుతోందంటే, ఇది నేర్చుకున్న నొప్పి అయ్యుంటుంది, భయపడకుండా తిరగండి అని ఉపన్యాసమిచ్చాను. ఆవిడకి పాదం తిమ్మిరెక్కి చెప్పు జారిపోతోందని తర్వాత తెలిసింది. నరం నలుగుతోంది, ఆపరేషన్ అయింది. నా మాట వినకుండా ఆస్పత్రికి వెళ్ళడం వల్ల ఆవిడ కాలు దక్కింది. కాలు బలహీనపడటం, తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, జ్వరంతో నొప్పి, ఇవేవీ నాలాంటి వాళ్ళు తీర్పు చెప్పే విషయాలు కావు. ముందు డాక్టరు. నేర్చుకున్నదా కాదా అనే మాట అక్కడ అన్నీ చూశాక వచ్చేది. ఎవరి నొప్పి ఏ రకమో బయటి నుంచి చెప్పగలనన్న ధీమా మా అత్తగారి విషయంలో ఎంత తప్పో, ఇక్కడా అంతే తప్పు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. మనుషులు నొప్పి అంటే ఏమిటో బతుకు అనుభవాల నుంచి నేర్చుకుంటారని ఆ నిర్వచనం కిందే రాసింది. నొప్పి ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా అక్కడే రాసింది. ఆ రెండు వాక్యాలూ ఒకే చోట ఉండటం నాకు ముఖ్యంగా తోచింది. నేను మొదటిది నేర్చుకుని రెండోది మరిచిపోయాను.

నా నడుం విషయం ఫిజియోథెరపీ అమ్మాయితో కూర్చుని తేల్చుకున్నాను. అమెరికాలో కొలరాడోలో 151 మంది దీర్ఘకాల నడుం నొప్పి వాళ్ళతో చేసిన పరీక్ష గురించి ఆ అమ్మాయే చెప్పింది. ఈ నొప్పి ప్రమాదానికి గుర్తు కాదని ఒంటికి మళ్ళీ నేర్పే చికిత్స అది. నాలుగు వారాల చికిత్స అయ్యేసరికి ఆ గుంపులో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్న వాళ్ళలో 10 శాతం మందికే అలా జరిగింది. నేను ఫోర్డైస్ పద్ధతిలో మొదలుపెట్టాను. ముందు చెంబు, తర్వాత చిన్న గిన్నె, తర్వాత సగం బిందె. ముందుగా అనుకున్నన్ని సార్లు ఎత్తి ఆగడం, నొప్పి పుట్టిందని ఆగకపోవడం. బెల్టు తీసేశాను. కొన్ని నెలలకు గట్టు మామూలు గట్టయింది.

ఈ వేసవిలో మళ్ళీ వచ్చింది. కుళాయి రాక ట్యాంకర్ నీళ్ళు పట్టాల్సి వచ్చింది, వరసగా బిందెలు పెట్టాను, మొదటి దాని వైపు వంగేసరికి పాత పోటు. మరుగున పడిందనుకున్న అలవాటు కొంత విరామం తర్వాత తనంతట తాను తిరిగి వస్తుందని పావ్‌లోవ్ కుక్కల దగ్గరే చూశాడు. నేర్చుకున్నది చెరిగిపోదు, దాని మీద కొత్తది నేర్చుకుంటాం, పాతది కిందే ఉంటుంది. అదంతా నాకు తెలుసు. తెలిసినా నొప్పి పుట్టింది, భయం కూడా వేసింది. సగం బిందెతో మళ్ళీ మొదలుపెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నొప్పిగా ఉందా అని అడగొద్దని ఆయనకి ముందే చెప్పి ఉంచాను. నీళ్ళు నిండాక వచ్చి నా పక్కన కూర్చోమన్నాను.